అరకు, లంబసింగి చలికి కారవాన్‌ను సిద్ధం చేయడం ఎలా? సందులు మూయడం నుంచి హీటర్ దాకా

విశాఖలో కట్టించుకునే కారవాన్‌లు, టెంపో ట్రావెలర్‌ను మార్చి చేయించుకునే వ్యాన్‌లు దాదాపు అన్నీ ఎండను దృష్టిలో పెట్టుకుని తయారైనవే. ఏసీ బ్రహ్మాండంగా ఉంటుంది, అద్దాలకు సన్ ఫిల్మ్ ఉంటుంది. అదే బండిని డిసెంబరులో ఘాట్ ఎక్కించి అరకులో ఒక రాత్రి ఆపితే, తెల్లవారుజాము మూడింటికి లోపలున్న వాళ్లంతా లేచి కూర్చుంటారు. దిగి వచ్చాక అందరూ అడిగేది ఒకటే: ‘ఏ హీటర్ కొనాలి?’

హీటర్ ఈ వరసలో ఆఖరి పని. ముందు గాలి దూరే సందులు మూయాలి. తర్వాత అద్దాలు, రేకు, నేల సంగతి చూడాలి. అప్పుడు చూసుకుంటే చాలామందికి హీటరే అక్కర్లేదని తేలుతుంది. వరస తిరగేస్తే, కొన్న వేడంతా తలుపు సందులోంచి ఏజెన్సీ గాలిలో కలిసిపోతుంది.

## 1. ఎంత చలికి సిద్ధపడాలి

జనవరిలో విశాఖ నగరంలో రాత్రి వేడి 18–20 డిగ్రీల దగ్గర ఉంటుంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఈ లెక్కన అరకులో 12–14 ఉండాలి. కానీ అంతకంటే బాగా కిందికి పడుతుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, చల్లబడిన బరువైన గాలి కొండల మీది నుంచి జారి లోయలో నిలుస్తుంది. అందుకే అరకు, పాడేరు, చింతపల్లి వైపు ఒంటి అంకె మామూలు. లంబసింగిలో కొన్ని రాత్రులు సున్నా దాకా వెళ్తుంది.

కాబట్టి 5 డిగ్రీలకు హాయిగా, సున్నాకు ఇబ్బంది లేకుండా ఉండేలా చేసుకుంటే చాలు. మంచు దేశాల వాళ్లు వాడే రెండు పొరల కిటికీలు, నీళ్ల ట్యాంకుకు హీటర్లు మనకు దండగ. హిమాచల్, లదాఖ్ వెళ్లే ఆలోచన ఉంటే లెక్క వేరు.

## 2. ముందుగా సమకూర్చుకోవాల్సినవి

పని మొదలుపెట్టాక మధ్యలో షాపుకు పరిగెత్తకుండా ఇవి దగ్గర పెట్టుకోండి.

- అగరబత్తీల ప్యాకెట్, టార్చిలైటు, సుద్దముక్క లేదా మాస్కింగ్ టేపు
- తలుపు కొలతకు సరిపడే రబ్బరు బీడింగ్ (పాత ముక్క కోసి తీసుకెళ్లి, దానితో పోల్చి కొనండి)
- న్యూట్రల్ (వెనిగర్ వాసన రాని) సిలికాన్ లేదా పీయూ (పాలీయూరిథేన్) సీలెంట్, దాన్ని వేసే గన్
- నేలలో వైర్లు దిగే రంధ్రాల అంచులకు బిగించే రబ్బరు రింగులు (గ్రోమెట్లు)
- వైర్ బ్రష్, తుప్పు మీద రాసే ప్రైమర్
- ఏసీ డక్టులకు చుట్టే నల్లటి నైట్రైల్ రబ్బరు షీటు, 10 మిల్లీమీటర్లది
- కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాస్ లీక్ అలారం, మంటలార్పే 2 కిలోల ఏబీసీ ఫైర్ సిలిండర్

సీలెంట్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చవకగా దొరికే సిలికాన్‌లో చాలావాటికి వెనిగర్ వాసన వస్తుంది. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రేకును తినేస్తుంది. బాత్రూం టైల్స్‌కు పర్వాలేదు కానీ, అసలే ఉప్పుగాలికి తుప్పు పట్టే మన బండ్లకు అది వద్దు.

## 3. సందులు వెతకడం

ఈ పనికి సగం రోజు కేటాయించండి. ఇక్కడ తొందరపడితే మిగతా శ్రమంతా వృథా.

లైటు పరీక్ష. చీకటి పడ్డాక ఒకరు లోపల టార్చి పట్టుకుని తలుపుల అంచుల వెంట, నేల మూలల్లో నెమ్మదిగా తిప్పాలి. ఇంకొకరు బయటి నుంచి, వంగి బండి కింద నుంచి కూడా చూడాలి. వెలుతురు కనబడిన చోటల్లా సుద్దతో గీత పెట్టండి.

నోటు పరీక్ష. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూయండి. లాగితే బిగువుగా రావాలి. జారి వచ్చేస్తే అక్కడ బీడింగ్ చచ్చిపోయినట్టే. తలుపు చుట్టూ జానెడు దూరానికోసారి ఇలా చూడండి.

పొగ పరీక్ష. ముందు స్టవ్ ఆపి, సిలిండర్ వాల్వు కట్టేసి, గ్యాస్ వాసన లేదని చూసుకోండి. పైకప్పుకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే తలుపులు, కిటికీలు మూసి గాలి బయటికి తోసేలా దాన్ని ఫుల్‌లో తిప్పండి. లోపలి గాలిని ఫ్యాన్ లాగేస్తుంటే బయటి గాలి ప్రతి సందులోంచీ లోపలికి దూరుతుంది. వెలిగించిన అగరబత్తిని అంచుల వెంట తీసుకెళ్తే, సందు ఉన్నచోట పొగ చటుక్కున పక్కకు వంగుతుంది. కర్టెన్లకు, ఫోమ్‌కు నిప్పు తగలకుండా చూసుకోండి.

ఫ్యాన్ లేని వాళ్లకు సముద్రం ఉంది. మధ్యాహ్నం దాటాక బీచ్ రోడ్డులోనో భీమిలి వైపో బండి పక్కభాగం సముద్రానికి ఎదురుగా ఉండేలా ఆపి, అదే అగరబత్తితో చూడండి. ఒకవైపు అయ్యాక బండి తిప్పి రెండో వైపు.

ఎక్కువగా గాలి వచ్చే చోట్లు ఇవి, తీవ్రతను బట్టి:

1. పక్కకు జరిగే తలుపు కింది పట్టాల సందు
2. క్లచ్, బ్రేకు పెడళ్లు, గేర్ రాడ్డు, హ్యాండ్ బ్రేకు దిగే రంధ్రాలు
3. సింకు పైపు, నీళ్ల పైపులు, వైర్లు నేలలోంచి దిగే చోట్లు
4. వెనక తలుపుల మధ్య అతుకు
5. పైకప్పు వెంటు చుట్టూ ఉన్న ఫ్రేము
6. ఏసీ బయటి యూనిట్ పైపులు గోడలోంచి వెళ్లే రంధ్రం

మూడోదాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. సింకు కింద అర తెరిచి, తల లోపల పెట్టి చూస్తేగానీ అది కనబడదు. అంగుళం పైపు కోసం రెండంగుళాల రంధ్రం కోసి అలాగే వదిలేసిన బండ్లే ఎక్కువ.

## 4. సందులు మూయడం

ముందు కడగండి. విశాఖలో తిరిగే బండి అంచుల్లో కంటికి కనబడని ఉప్పు పొర ఉంటుంది. మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తుప్పు ఉంటే వైర్ బ్రష్‌తో గీకి, ప్రైమర్ కొట్టి, ఆరాకే సీలెంట్ వేయాలి. తుప్పు మీద వేసిన సీలెంట్ తుప్పుతో సహా ఊడి వస్తుంది. రేకుకు చిల్లులే పడి ఉంటే సీలెంట్‌తో కప్పిపుచ్చకండి, టింకరింగ్ షాపులో వెల్డింగ్ చేయించండి.

పాత సీలెంట్ మీద కొత్తది పూయడం వల్ల ఉపయోగం లేదు. ప్లాస్టిక్ పట్టీతో పాతది మొత్తం గీకేయండి. వేశాక 24 గంటలు బండి కదపొద్దు.

బీడింగ్‌ను పై అంచు మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులా దిగుతూ, అతుకు కింద వచ్చేలా వేయండి. అతుకు పైన ఉంటే వాన నీళ్లు అందులోంచే దిగుతాయి. వేసేటప్పుడు రబ్బరును సాగదీయకూడదు. ఈరోజు సాగదీసి అతికించినది వేసవికల్లా కుదించుకుపోయి మూలల్లో నోరు తెరుస్తుంది.

పాత రబ్బరు గట్టిపడిందే కానీ చిట్లకపోతే సబ్బునీళ్లతో తుడిచి సిలికాన్ గ్రీజు రాయండి. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు రాస్తే ఉబ్బి పాడవుతుంది.

పెడళ్ల దగ్గర సీలెంట్ పూయకండి. అవి కదలాలి. చిరిగిన రబ్బరు బూటును మార్పించడమే దారి. మిగిలిన చల్లగాలికి క్యాబిన్ వెనక మందపాటి తెర వేస్తే సరిపోతుంది. దీనికి పాత చీరలతో కుట్టిన బొంతను మించింది నాకు కనబడలేదు. పైన కర్టెన్ రాడ్డుకు కట్టి, కింద నేలను తాకేలా వదలండి. నేలకు నాలుగంగుళాల పైన ఆగిపోయిన తెర ఉన్నా లేనట్టే, చల్లగాలి పాకేది నేల మీదే. బొంతను చూసి నవ్వే కుర్రాళ్లు ఉంటారు. రాత్రి రెండు దాటాక వాళ్లే అది ఎక్కడ కుట్టించారని అడుగుతారు.

## 5. మూయకూడని రంధ్రాలు

ఇది ఒకటికి రెండుసార్లు చదవండి.

గ్యాస్ సిలిండర్ అరలో నేలకు ఉండే రంధ్రం. వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే కిందికి దిగి ఆ రంధ్రంలోంచే బయటికి పోవాలి. దాన్ని మూస్తే గ్యాస్ నేల మీద చేరి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. సిలిండర్ ఉన్న అరకూ, పడుకునే గదికీ మధ్య ఉన్న చీలికలను మాత్రం మూయాలి.

పైకప్పు వెంటు, కింది గాలి జాలీ. పడుకునేటప్పుడు పైన ఒక వేలు సందు, కింద ఒక జాలీ తెరిచే ఉండాలి. ‘ఇన్ని మూసి మళ్లీ ఇది తెరవడమేంటి?’ అని విసుక్కునే వాళ్లు ఉన్నారు. మీ మెడ మీదికి మీకు తెలియకుండా వచ్చే గాలి వేరు, మీరు కావాలని, కావాల్సినంత వదిలే గాలి వేరు.

గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఉంటే, దాని బయటి జాలీలు. వాటి జోలికి వెళ్లొద్దు.

## 6. అద్దాలు

సందుల తర్వాత ఎక్కువ వేడి పోయేది అద్దాల్లోంచే. అందులో ముందు అద్దం సగం పాపం మూటగట్టుకుంటుంది.

నైట్రైల్ షీటును కిటికీ కంటే ఒక సెంటీమీటరు పెద్దగా కోసి, లోపలి ఫ్రేములో బిగుతుగా ఇరికించండి. ముందుగా పాత న్యూస్‌పేపర్‌తో నమూనా కోసుకుంటే షీటు పాడవదు. ప్రతి ముక్క వెనకా అది ఏ కిటికీదో రాసిపెట్టుకోండి, చీకట్లో వెతుక్కునే బాధ తప్పుతుంది.

వెండిరంగు బబుల్ షీటు వాడే వాళ్లకు ఒక మాట. ఆ మెరుపు పని చేయాలంటే దాని ముందు కొంచెం ఖాళీ గాలి ఉండాలి. రేకుకో అద్దానికో పూర్తిగా అతికిస్తే మెరుపు వల్ల ఒరిగేదేమీ లేదు, మిగిలేది పల్చటి ప్లాస్టిక్ షీటే.

ముందు అద్దానికి వీలైతే బయటి కవర్ వేయండి. లోపలి నుంచి కప్పితే అద్దం చల్లగానే ఉండి, కవరుకూ అద్దానికీ మధ్య నీళ్లు కారి డ్యాష్‌బోర్డు వైర్ల మీదికి దిగుతాయి. బయటి కవర్ అంచులను ముందు తలుపుల్లో ఇరికిస్తే గాలికి లేవదు.

## 7. పైకప్పు, గోడలు, నేల

పైకప్పు రేకు రాత్రంతా ఆకాశాన్ని చూస్తూ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. పొద్దున్న నెత్తి మీద పడే చుక్కలు అక్కడివే. లోపలి ప్యానెల్ విప్పగలిగితే నైట్రైల్ షీటును రేకుకు ఎక్కడా ఖాళీ వదలకుండా అతికించండి. గమ్ వాసన ఘాటుగా ఉంటుంది, మండుతుంది కూడా. తలుపులన్నీ తీసి, దగ్గర్లో నిప్పు లేకుండా చేయాలి. ఇనుప పక్కటెముకలను కూడా కప్పండి. వాటిని వదిలేస్తే తడి సరిగ్గా ఆ గీతల వెంటే పడుతుంది.

థర్మోకోల్ వద్దు, ఘాట్ కుదుపులకు కిర్రుకిర్రుమని పొడి అవుతుంది, నిప్పు తగిలితే విషపు పొగ. గ్లాస్ ఊల్ కూడా మన ఉక్కపోతకు తేమ పీల్చి జారిపోతుంది.

నేలకు ప్లైవుడ్ ఉంటే దాని మీద రబ్బరు మ్యాట్, ఆ పైన కొబ్బరి పీచు పట్టా చాలు. ఎక్కే మెట్టు దగ్గర గొయ్యిలా ఉంటుంది, చల్లగాలి అక్కడే నిలుస్తుంది. దాని మీద సరిపోయేలా ప్లైవుడ్ మూత చేయించి రాత్రి వేయండి.

## 8. ఇప్పుడు వేడి సంగతి

ఏది వద్దంటే వద్దు. కుంపటి, బొగ్గులు, కట్టెల నిప్పు బండి లోపలికి రాకూడదు. ‘నివురు గప్పింది, పొగ లేదు’ అన్న ధైర్యమే ప్రాణాలు తీస్తుంది. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్లను అది లేపదు. గ్యాస్ స్టవ్ వెలిగించి వెచ్చబెట్టుకోవడం, రాత్రంతా ఇంజిన్ ఆన్‌లో ఉంచడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. సైలెన్సర్ గట్టుకో పొదకో ఆనుకుని ఉంటే ఆ పొగ నేల రంధ్రాల్లోంచి లోపలికే వస్తుంది.

ఎలక్ట్రిక్ హీటర్. రిసార్టులో కరెంటు కనెక్షన్ ఇస్తేనే. బ్యాటరీ మీద నడపాలనుకునే వాళ్లు ఈ లెక్క చూడండి: 1500 వాట్ల హీటర్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 125 ఆంపియర్లు లాగుతుంది, ఇన్వర్టర్ నష్టంతో 140 దాకా. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి కాబట్టి ఇరవై నిమిషాల్లో కథ కంచికి.

ఎలక్ట్రిక్ దుప్పటి. 60 వాట్లది ఆరు గంటలు నడిస్తే 30 ఏహెచ్ పైచిలుకు. అదే బ్యాటరీతో రాత్రి గడిచిపోతుంది. గాలిని వేడి చేయడం కంటే పడకను వేడి చేయడం ఎప్పుడూ చవక. వేడినీళ్ల సంచి అయితే కరెంటే అక్కర్లేదు, పడుకునే అరగంట ముందు దుప్పట్లో పెట్టండి.

డీజిల్ హీటర్. ఏటా చాలా రాత్రులు కొండ మీద గడిపే వాళ్లకు ఇదే సరైనది. మంట హీటర్ లోపలే మూసి ఉన్న అరలో మండుతుంది, దానికి గాలి బయటి నుంచే వస్తుంది, పొగ బయటికే పోతుంది. లోపలికి వచ్చేది వేడిగాలి మాత్రమే. రెండు కిలోవాట్ల హీటర్ తక్కువ మీద గంటకు సుమారు 100 మిల్లీలీటర్లు, ఫుల్ మీద పావు లీటరు తాగుతుంది. అంటించేటప్పుడు కొన్ని నిమిషాలు 10 ఆంపియర్ల దాకా లాగుతుంది, తర్వాత ఒకటి రెండుతో సరిపెట్టుకుంటుంది. పొగ గొట్టం కొస బండి అంచు దాటి ఉండాలి, తెరిచే కిటికీ కింద ఉండకూడదు. నేలకు రంధ్రం పెట్టే పని కాబట్టి అనుభవం ఉన్నవాళ్లతోనే చేయించండి, బాడీలో మార్పులకు అనుమతి సంగతి ముందే ఆర్‌టీఏ ఆఫీసులో కనుక్కోండి.

ఏ హీటర్ పెట్టినా, పెట్టకపోయినా అలారాలు తప్పనిసరి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే వాళ్ల తల ఎత్తులో, గ్యాస్ అలారం నేలకు దగ్గరగా.

## 9. తేమ

రాత్రంతా ఒక్కో మనిషి ఊపిరిలో, చెమటలో సుమారు పావు లీటరు నీరు గాలిలోకి వదులుతాడు. నలుగురు పడుకుంటే లీటరు. అదంతా అద్దాలకు, రేకుకు పట్టి పొద్దున్నకు కారుతుంది. తడిసిన దుప్పటి కప్పుకుంటే 10 డిగ్రీలు కూడా 5లా ఉంటుంది.

అందుకే వంట మూతలు పెట్టి, వెంటు తెరిచి చేయండి. వీలైతే బయటే చేయండి. అరకు దగ్గరి చాపరాయి జలపాతంలో తడిసిన బట్టలు లోపల ఆరేయొద్దు, క్యారీ బ్యాగులో కట్టేసి పక్కన పెట్టండి. పరుపు నేరుగా ప్లైవుడ్ మీద ఉంటే కింద బూజు ఖాయం. మధ్యలో కొబ్బరి పీచు పట్టా వేసి గాలి ఆడనివ్వండి.

## 10. బండి ఎక్కడ, ఎటు ఆపాలి

వాగు పక్కన, లోయ అడుగున వద్దు, చల్లగాలి చేరేది అక్కడికే. పది ఇరవై మీటర్లు పైన ఉన్న మెట్ట చూసుకుంటే తేడా తెలుస్తుంది. శీతాకాలం గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి జరిగే తలుపును ఆ వైపు ఉంచకండి. ఒక పెద్ద కిటికీ తూర్పుకు ఉంటే మంచు విడిచాక ఎండ నేరుగా లోపలికి వస్తుంది. కాఫీ తోటలోకో అడవిలోకో అడక్కుండా బండి దించొద్దు.

## 11. పడుకునే ముందు

- స్టవ్ ఆపి, సిలిండర్ వాల్వు కట్టేశారా?
- రెండు అలారాలూ బటన్ నొక్కితే మోగుతున్నాయా?
- పైకప్పు వెంటు వేలు సందు, కింది జాలీ తెరిచి ఉన్నాయా?
- కిటికీ ముక్కలు, క్యాబిన్ తెర, మెట్టు మూత పెట్టారా?
- సైలెన్సర్, హీటర్ గొట్టం చుట్టూ ఖాళీ ఉందా?
- బయటికి వెళ్లే దారికి సామాను అడ్డం లేదు కదా?

## 12. ఎదురయ్యే సమస్యలు

కొత్త బీడింగ్ వేశాక తలుపు పడట్లేదు. మందం ఎక్కువైంది. బలంగా కొట్టి మూయకండి, లాక్ దగ్గరి ప్లేటును కొద్దిగా బయటికి సర్దించండి. అప్పటికీ పడకపోతే పల్చటిది మార్చండి.

హీటర్ తిరుగుతోంది, కాళ్లు మాత్రం గడ్డకడుతున్నాయి. వేడిగాలి పైనే ఉండిపోతోంది. గాలి వచ్చే గొట్టాన్ని నేల దగ్గరికి దించండి, చిన్న ఫ్యాన్‌ను పైనుంచి కిందికి నెమ్మదిగా తిప్పండి.

తెల్లవారుజామున గ్యాస్ మంట నీరసంగా ఉంది. వంటగ్యాస్‌లోని బ్యూటేన్ సున్నా దగ్గరికొచ్చేసరికి ఆవిరి కావడం మానేస్తుంది. ఎండ వచ్చేదాకా ఆగండి, లేదా ముందు రోజే ఫ్లాస్కులో వేడినీళ్లు పోసుకోండి. సిలిండర్‌ను నిప్పుతోనో వేడినీళ్లతోనో వెచ్చబెట్టే ప్రయోగాలు వద్దు.

లేవగానే ఒకరికి మించి తలనొప్పి, వికారం, తల తిరగడం. చలికి అనుకోకండి. తలుపులన్నీ తీసి అందరినీ బయటికి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి. కారణం తేలేదాకా ఎవరూ లోపల పడుకోవద్దు.

## 13. కిందికి దిగి వచ్చాక

ఘాట్ మలుపుల్లో కుదుపులకు వెంటు ఫ్రేము స్క్రూలు, తలుపు కీళ్లు వదులవుతాయి. ఇంటికి చేరిన రెండు మూడు రోజుల్లో ఒకసారి బిగించండి. పరుపులు, బొంత, కిటికీ ముక్కలు అన్నీ తీసి మేడ మీద ఎండబెట్టి, పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి. విశాఖ గాలిలో తడి దానంతటదే ఆరదు. తడిగా మూసిన బండి సంక్రాంతికి తెరిస్తే బూజు వాసన కొడుతుంది. అరల్లో తేమ పీల్చే డబ్బాలు పెట్టి, వాటిలో చేరిన నీళ్లను వారానికోసారి పారబోయండి. ఆ నీళ్లు రేకు మీద ఒలికితే తుప్పు పడుతుంది, వెంటనే కడిగేయండి.